ఆరు పట్టీల పనో: కేప్ వెర్డె బట్టను గుంట మగ్గం మీద నేసిన డైరీ

ముందే చెప్పేస్తాను. నేసింది తొమ్మిది పట్టీలు, పనికొచ్చింది ఆరు. పోయిన మూడింటి గురించే ఈ డైరీలో ఎక్కువ ఉంటుంది. ఎవరైనా మళ్లీ నేయాలనుకుంటే వాళ్లకు కావాల్సింది అదే.

పనో అంటే పోర్చుగీసులో బట్ట. కేప్ వెర్డె దీవుల్లో దీన్ని పను ది తెరా, అంటే ‘మన నేల బట్ట’ అంటారు. (2013 నుంచి ఆ దేశం తనను కాబో వెర్దె అనే పిలవమంటోంది. నాకు పాత పేరే నోటికొస్తుంది.) జానెడు కూడా లేని పన్నాతో పట్టీలు నేసి, ఆరింటిని పక్కపక్కన కుట్టి, గజం పైచిలుకు వెడల్పు చేస్తారు. తెలుపు మీద నీలం బుటాలు. మ్యూజియం ఫొటోలు చూసి కొలతలు వేసుకున్నాను. బుటా మాత్రం నా సొంతం, మెట్లు మెట్లుగా ఉండే డైమండు.

మా ఊరు చీరాల దగ్గర. మగ్గం బాబాయిది. ఆయన నలభై ఏళ్లుగా చీరలు నేస్తున్నాడు. నేను చిన్నప్పుడు కండెలు చుట్టడం తప్ప ఏమీ నేర్చుకోలేదు.

దశ 1: నూలు, పడుగు

లక్ష్యం: ఉతికి ఆరేశాక ఒక్కో పట్టీ 17 సెంటీమీటర్ల వెడల్పు, 170 సెంటీమీటర్ల పొడవు.

1. నూలు: 2/20 (20వ నంబరు పోగులు రెండు కలిపి పురి వేసినది) తెల్ల కాటన్, ఒక కిలో.
2. పన్నె (నిలువు పోగులు దూర్చే దువ్వెన లాంటి చట్రం): అంగుళానికి 15 సందులు, సందుకు రెండు పోగులు. అంటే అంగుళానికి 30.
3. పన్నెలో వెడల్పు 7.2 అంగుళాలు, 216 పోగులు. అంచులకు అదనంగా నాలుగు. మొత్తం 220.
4. పడుగు (నిలువు పోగులు) పొడవు: పట్టీకి 2 మీటర్లు, ఆరు పట్టీలకు 12, మగ్గానికి కట్టడానికి పోయేది 1 మీటరు. మొత్తం 13 మీటర్లు.

220 పోగులు, 13 మీటర్లు అంటే 2,860 మీటర్ల నూలు. తూకంలో 170 గ్రాములు.

తప్పు నంబరు 1: నూలు ఉడికించకుండా పడుగు పోశాను. మిల్లు నూలుకు నూనె జిడ్డు ఉంటుంది. పడుగుకు అది ఇబ్బంది పెట్టలేదు కానీ, అదే నూలుతో రంగు వేయబోతే నీళ్లు తామరాకు మీద జారినట్టు జారిపోయాయి. పేకకు (అడ్డం పోగులకు) ఉంచిన నూలంతా బట్టల సోడాతో గంటసేపు ఉడికించాల్సి వచ్చింది. మీరు మొదటే ఉడికించండి.

పడుగు పోస్తుంటే బాబాయి అడిగాడు. “ఏందమ్మా, గజం పన్నా పెట్టి ఒక్కసారే నేసేస్తే పోలా? ఆరు ముక్కలెందుకు?” అప్పటికి నా దగ్గర జవాబు సగమే ఉంది: అసలు పనో అలాగే కుడతారని. మిగతా సగం రెండో దశలో మగ్గమే చెప్పింది.

అసలు ఆ దీవుల్లో పత్తి ఎందుకు వేశారో ఇక్కడే రాసేస్తాను. కేప్ వెర్డె అట్లాంటిక్‌లో, పడమటి ఆఫ్రికాలోని సెనెగల్ తీరానికి సుమారు 570 కిలోమీటర్ల పడమట ఉంది. పోర్చుగీసులు 1460 ప్రాంతంలో వచ్చేటప్పటికి అక్కడ మనుషులు లేరు. 1462లో శాంతియాగో దీవిలో రిబైరా గ్రాందె అనే ఊరు కట్టారు. ఉష్ణమండలంలో యూరోపియన్లు కట్టుకున్న మొదటి వలస పట్టణం అదే. అక్కడ స్థిరపడేవాళ్లు దొరకాలని, 1466లో పోర్చుగల్ రాజు వాళ్లకు ఎదుటి గినీ తీరంలో వ్యాపారం చేసుకునే హక్కిచ్చాడు. వ్యాపారమంటే ముఖ్యంగా మనుషులను కొనడం. వాళ్లు ఎక్కడెక్కడి సరుకో తెచ్చి, ఎవరెవరితోనో కలిసి వ్యాపారం పెంచేస్తుంటే 1472లో రాజు పగ్గం బిగించాడు. దీవుల్లో పండినదీ తయారైనదీ మాత్రమే అమ్ముకోవాలన్నాడు.

రాతి దీవులు, వాన సరిగా పడదు. అక్కడ పండించి తీరానికి తీసుకెళ్లి అమ్మగలిగినది ఏముంది? పత్తి ఉంది. శాంతియాగోలో, ఫోగో దీవిలో పత్తి వేశారు. తీరం నుంచి తెచ్చిన బానిసలే పండించారు, వాళ్లే వడికారు, వాళ్లే నేశారు. ఆ బట్ట తీసుకెళ్లి మళ్లీ బానిసలను కొన్నారు. నేను నేయబోయేది ఆ బట్టను.

దశ 1 లెక్క: 14 గంటలు. నూలు 420, సోడా 30, చిన్న పన్నె కట్టించినందుకు 600. మొత్తం 1,050 రూపాయలు.

దశ 2: మగ్గంతో గొడవ (పట్టీలు 1, 2)

మొదటి రెండు పట్టీలూ బుటా లేకుండా తెల్లగా నేశాను, చేయి కుదరడానికి. రెండూ చెడిపోయాయి.

పట్టీ 1: అంగుళానికి 28 పిక్కులు (పేక వరసలు) అనుకున్నాను. కొలిస్తే 36 ఉన్నాయి. కారణం దొరకడానికి ఒక పూట పట్టింది. బాబాయి మగ్గంలో పన్నె బిగించిన చెక్క 48 అంగుళాలది, చీరల కోసం చేసింది. ఏడు అంగుళాల పట్టీ మీద ఆ బరువంతా పడుతుంటే పేక నలిగిపోతోంది. బట్ట అట్టలా వచ్చింది.

పట్టీ 2: తేలికపాటి వెదురు చట్రంలో చిన్న పన్నెను కట్టి, తాడుతో పైనుంచి వేలాడదీశాను. పిక్కులు 28కి దిగాయి. ఈసారి పడుగు మొండికేసింది. అంత పెద్ద దోనె (పడుగు చుట్టే దుంగ) మధ్యలో 220 పోగులు చుడితే అంచు పోగులు జారి వదులైపోతున్నాయి, మధ్యవి బిగుస్తున్నాయి. మీటరు నేసేసరికి ఒక పక్క అల అలలుగా తేలింది.

ఇక్కడ పడమటి ఆఫ్రికా నేతగాళ్ల పద్ధతికి వెళ్లక తప్పలేదు. వాళ్ల మగ్గానికి పడుగు చుట్టే దోనె ఉండదు. పడుగును ముందుకు పొడుగ్గా పరిచి, చివర ఒక చెక్కకు కట్టి, దాని మీద రాయి పెడతారు. నేసేకొద్దీ ఆ రాయి నేల మీద నేతగాడి వైపు జరుగుతూ వస్తుంది. బిగువంతా ఆ రాయిదే.

మా ఇంట్లో రాయంటే సన్నికల్లే.

1. పీట మీద సన్నికల్లు, 9.2 కిలోలు. పడుగు వదులుగానే ఉంది.
2. దాని మీద పొత్రం కూడా. మొత్తం 11.3 కిలోలు. అంచులు ఇంకా ఊగుతున్నాయి.
3. పైన రెండు ఇటుక ముక్కలు, 14.1 కిలోలు. కుదిరింది.

కుదిరింది కానీ ఇంకో తంటా. సిమెంటు నేల మీద పీట గీసుకుంటూ ఒక్కసారిగా జరిగేది. అది జరిగిన ప్రతిసారీ బట్టలో అడ్డంగా ఒక పల్చని గీత. పీట కింద గోనెసంచి మడత వేశాక ఆ జర్కు తగ్గింది. సన్నికల్లు నా దగ్గరే ఉండటంతో ఇంట్లో పచ్చడి మిక్సీలో చేశారు. ఆ మాట ఇప్పటికీ పడుతున్నాను.

బాబాయి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. ఇలాంటి మగ్గం మీద గజం పన్నా పెట్టడం కుదరదు. చేయి చాచినంత దూరం నాడె (పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) అందాలి, మగ్గం చంకన పెట్టుకుని పోగలగాలి. ఇంకో సంగతి కూడా ఉంది. పట్టీ అయితే లెక్కకు పనికొస్తుంది. గినీ తీరమంతా నేత పట్టీ డబ్బులా చెలామణీ అయ్యేది. కేప్ వెర్డె పనోల్లో మామూలు రకాన్ని బారాఫుల అనేవారు. సరుకుల ధరలు ఇన్ని బారాఫులలని చెప్పుకునేవారు, మనిషి ధర కూడా. 17వ శతాబ్దం చివరికి ఈ బట్టకు ఎంత గిరాకీ వచ్చిందంటే, ఇంగ్లిషు, ఫ్రెంచి ఓడలవాళ్లు దీవులకే వచ్చి కొనుక్కుపోతుంటే, పరదేశీయులకు అమ్మకూడదని పోర్చుగల్ నిషేధం పెట్టింది. పనో ఉంటే వాళ్లు కూడా తీరానికి వెళ్లి మనుషులను కొనగలరని భయం.

“అంటే నేసేది నోట్లన్నమాట” అన్నాడు బాబాయి.

దశ 2 లెక్క: 17 గంటలు, మొత్తం 31. తాడుకు 40, మొత్తం 1,090 రూపాయలు.

దశ 3: నీలి బాన

దీవుల్లో నీలి మొక్క కూడా పెంచారు, బట్టకు రంగు అక్కడిదే. నేను నీలిమందు పొడి కొన్నాను. మొదటి పాళ్లు ఇవి: నీలిమందు 50 గ్రాములు, సున్నం 100, బెల్లం 150, నీళ్లు 15 లీటర్లు.

రెండు రోజులు గడిచినా బాన నీలంగానే ఉంది. నీలిమందు నీళ్లలో కరగదు. గాలి తగలకుండా ఉంచి, చక్కెర లాంటిదానితో దాని రసాయన రూపం మార్చితేనే కరిగి పసుపుపచ్చగా మారుతుంది. బయటికి తీశాక గాలి తగిలి మళ్లీ నీలమవుతుంది. నా బానలో ఆ మార్పు జరగడం లేదు.

కారణాలు రెండు కనిపించాయి. డిసెంబరు చలికి బానలో వేడి 24 డిగ్రీలే. రెండోది బెల్లం. దానిలో ఎక్కువ భాగం మామూలు చక్కెరే, అది ఈ పనికి నేరుగా సాయపడదు. పండ్లలో ఉండే చక్కెర కావాలి.

మార్చినవి:

1. బాగా మాగి, తొక్క నల్లబడ్డ అరటిపళ్లు డజను. తొక్కతో సహా ముక్కలు చేసి అరగంట ఉడికించి, వడగట్టి, ఆ నీళ్లు బానలో పోశాను.
2. బానను వేడినీళ్ల గంగాళంలో పెట్టి 45 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంచాను.
3. గంటకోసారి కర్రతో మెల్లగా, నురగ రాకుండా కలిపాను.

ఐదో గంటకు పైన రాగి రంగు పొర కట్టింది. పొర పక్కకు నెట్టి చూస్తే కింద కల్లు కుండలో తేటలా ఆకుపచ్చ పసుపు. పీహెచ్ పట్టీ 11 దగ్గర చూపించింది. పొద్దున 12కి పైనే ఉండింది.

200 గ్రాముల నూలు ముంచాను. మొదట ఒకేసారి నలభై నిమిషాలు ముంచి, ముదురు రంగు వచ్చిందని సంబరపడ్డాను. ఆరాక చేత్తో రుద్దితే చేయంతా నీలం. రంగు పోగులోకి దిగలేదు, మీద అంటుకుంది. ఉతికి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పది నిమిషాలు ముంచడం, ఇరవై నిమిషాలు గాలికి ఆరేయడం, ఇలా ఆరుసార్లు. బాన నుంచి తీసిన చిలప (నూలు చుట్ట) మొదట పచ్చగా ఉంటుంది, దండెం మీద చూస్తుండగానే పైనుంచి కిందికి నీలం దిగుతుంది. పని ఆపి ప్రతిసారీ అదే చూశాను. అందుకే ఈ దశకు పదకొండు గంటలు పట్టింది.

బాబాయి గోళ్లు చూసుకుంటూ అడిగాడు, “మన నీలం బట్ట కూడా అక్కడికి పోయేదా?” పోయేది. 17వ, 18వ శతాబ్దాల్లో డచ్చి, ఇంగ్లిషు, ఫ్రెంచి కంపెనీలు మన కోరమాండల్ తీరంలో పొడుగు బట్ట నేయించి, ఆఫ్రికాకు పంపేవి. దానికి ‘గినీ’ అనే పేరు ఆ తీరాన్ని బట్టే వచ్చింది. ఆ బట్ట కూడా అక్కడ మనుషులకు మారకమయ్యింది. మన నేతగాళ్లకు అది ఎక్కడికి పోతుందో తెలిసే దారి లేదు. బాబాయి ఆ పూట ఇంకేమీ మాట్లాడలేదు.

దశ 3 లెక్క: 11 గంటలు, మొత్తం 42. నీలిమందు 350, సున్నం 20, బెల్లం 30, అరటిపళ్లు 40, పీహెచ్ పట్టీలు 150. మొత్తం 1,680 రూపాయలు.

దశ 4: బుటా (పట్టీలు 3 నుంచి 9)

నేల తెలుపు, బుటాకు నీలం పోగు రెండు వరసలు కలిపి అదనపు పేకగా వేశాను. ఒక్కో బుటా పది సెంటీమీటర్లు, పట్టీకి పదిహేడు బుటాలు.

మొదట పోగులు ఎత్తడానికి ఎనిమిది వెదురు పుల్లలు వాడాను. వరస మారినప్పుడల్లా పుల్ల తిప్పి నిలబెట్టడం, రెండోసారి తిప్పేసరికి వేళ్లు నొప్పి. పుల్లలు తీసేసి, అసలు అచ్చు (పడుగు పోగులను పైకెత్తే తాళ్ల చట్రం) వెనక నూలు తాళ్లతో చిన్న అచ్చులు కట్టాను. బుటాకు 46 నిమిషాలు పట్టేది 28కి వచ్చింది.

ఇంకో మార్పు: నా డిజైన్లో నీలం పోగు ఒకచోట 13 పడుగు పోగుల మీదుగా తేలుతోంది, అంటే 11 మిల్లీమీటర్లు. గాజు తగులుకుని రెండుసార్లు ఊడొచ్చింది. ఏడు పోగులకు మించకుండా గళ్ల కాగితం మీద డిజైన్ మళ్లీ గీశాను.

పట్టీ 3 మీద 13 గంటలు పెట్టి, అది పనికిరాదని తెలిసిన రోజు డైరీలో ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నేను పిక్కులు లెక్కపెట్టి బుటా ముగించాను. పొద్దున చేయి మెత్తగా పడుతుంది, సాయంత్రం అలసిపోయి గట్టిగా కొడతాం. లెక్క సరిగ్గానే ఉంది, పొడవు మాత్రం లేదు. ఉతికాక 170 రావాల్సింది 163.5 వచ్చింది. అది కూడా అన్ని బుటాల్లో సమానంగా కాదు.

అప్పటినుంచి పిక్కులు లెక్కపెట్టడం మానేశాను. అట్టముక్క మీద 11.2 సెంటీమీటర్లకు గీత పెట్టి, బిగువులో ఉన్న బట్టకు ఆనించి చూశాను. ఈ అంకె ఇలా వచ్చింది: మగ్గం మీద 11.2 ఉన్న బుటా, దించాక 10.5, ఉతికాక 10. మీ నూలు వేరైతే ఈ అంకె కూడా వేరవుతుంది. ముందుగా ఒక చిన్న ముక్క నేసి, ఉతికి, కొలుచుకోండి.

పట్టీల వారీగా గంటలు:

పట్టీ 3: 13 (పోయింది)
పట్టీ 4: 10
పట్టీ 5: 9
పట్టీ 6: 8.5
రెండో పడుగు, 7 మీటర్లు, పోగులు ఎక్కించడంతో: 8
పట్టీ 7: 8.5
పట్టీ 8: 8
పట్టీ 9: 8

ఎనిమిదో పట్టీకి చేతులు వాటంతట అవే నడిచాయి. అప్పుడు ఆలోచన నేసినవాళ్ల మీదకు పోయింది. శాంతియాగోకు ఎదుటి తీరం నుంచి ఊలోఫ్, మండింకా, ఇంకా ఎన్నో జాతులవాళ్లను తెచ్చారు. వాళ్లలో నేత తెలిసినవాళ్లున్నారు. ఈ మగ్గం, ఈ సన్నపట్టీ, ఈ నీలి బాన వాళ్లవెంట వచ్చినవే. కొందరిని అక్కడే ఉంచారు. మిగతావాళ్లకు బాప్తిస్మం ఇచ్చి, కాస్త పోర్చుగీసు నేర్పి, ‘లదీను’ అని పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మారు. లిస్బన్‌కు, సెవిల్‌కు, 16వ శతాబ్దంలో కరీబియన్ దీవులకు, స్పానిష్ అమెరికాకు. అట్లాంటిక్ అవతల నల్లవాళ్ల చరిత్ర మొదలైన తొలి రేవుల్లో రిబైరా గ్రాందె ఒకటి. ఆ ఊరిని ఇప్పుడు సిదాద్ వెల్యా, ‘పాత పట్నం’ అంటారు. బానిసలను కట్టి శిక్షించిన పాలరాతి స్తంభం నడివీధిలో ఇంకా నిలబడే ఉంది. 2009లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

(హైదరాబాద్ సిద్దీలు గుర్తొచ్చి ఒకరిద్దరు అడిగారు. వాళ్ల పూర్వీకులు తూర్పు ఆఫ్రికా వైపు నుంచి, హిందూ మహాసముద్రం మీదుగా వచ్చారు. ఆ దారి వేరు.)

దశ 4 లెక్క: 73 గంటలు, మొత్తం 115. అచ్చు తాళ్లకు 70, మొత్తం 1,750 రూపాయలు.

దశ 5: కుట్టు

మిషన్ మీద కుడితే పట్టీ అంచు ముడుచుకుంది. విప్పేశాను. అంచుకు అంచు ఆనించి, చేత్తో, సూది వాలుగా పోనిచ్చి కుట్టాలి. అంచు మీద అంచు వేసి కుడితే ఒక్కో కుట్టుకు అర సెంటీమీటరు పన్నా పోతుంది.

మొదటి కుట్టు ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకు వచ్చేసరికి బుటాలు 1.8 సెంటీమీటర్లు ఎడమయ్యాయి. మళ్లీ విప్పాను. చివరికి కుదిరిన పద్ధతి:

1. రెండు పట్టీల తొమ్మిదో బుటాలను కలిపి పిన్ను పెట్టాలి. పదిహేడింటిలో నడిమిది అదే.
2. అక్కడినుంచి రెండు వైపులా ప్రతి బుటా దగ్గర పిన్ను.
3. నడిమి నుంచి బయటికి కుట్టాలి. తేడా ఉంటే ఒక్కో వైపుకు సగమే పోతుంది.

పూర్తయ్యాక కొలత: 101 సెంటీమీటర్లు, 169 సెంటీమీటర్లు. తూకం 410 గ్రాములు. ఎడమవైపు మూడు పట్టీలు మొదటి పడుగువి, కుడివైపువి రెండోదానివి. ఎండలో చూస్తే తెలుపు కొద్దిగా తేడా తెలుస్తుంది.

దశ 5 లెక్క: 9 గంటలు, మొత్తం 124. సూదులు, దారం 30. మొత్తం 1,780 రూపాయలు.

124 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల లెక్కన పదిహేనున్నర రోజులు. దీనిలో నూలు వడకడం లేదు, నేను కొన్నాను కాబట్టి. ఆ వెలితి తెలుసుకుందామని రాట్నం మీద ఒక గంట వడికాను. 96 మీటర్లు వచ్చింది, అదీ ముళ్లు ముళ్లుగా. బుటాల నీలం పోగు కాకుండా, పడుగు, పేక కలిపి ఒక పనోకు దగ్గర దగ్గర 5,000 మీటర్లు. నా వేగానికి ఇంకో 52 గంటలు. అక్కడ వడికింది ఆడవాళ్లు, నేసింది మగవాళ్లు. ఆరితేరిన చేతులు నాకంటే ఎంతో తొందరగా చేసి ఉంటాయి. లెక్కల కాగితంలో బాబాయి అలవాటుగా ‘కూలీ’ అని ఒక గడి గీశాడు. నేను దాన్ని నింపలేదు.

దశ 6: వాడి చూడటం

శాంతియాగోలో ఆడవాళ్లు బతుకు అనే పాట పాడతారు. (మన మాటకు, దానికి సంబంధం లేదు. చెవికి మాత్రం అలాగే వినిపిస్తుంది.) గుండ్రంగా కూర్చుని, పనోను గట్టిగా మడిచి తొడల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో దరువు వేస్తారు. వలస పాలనలో చర్చి, ప్రభుత్వం ఆ పాటలను, ఆటలను అణచాలని చూశాయి. ఆ బట్టే వాళ్ల డోలు.

నా పనోను ఎనిమిది మడతలు వేసి కొట్టాను. దుప్పటి దులిపినట్టుంది శబ్దం. ఇంకా బిగువుగా చుట్టి తాడు కట్టాను, కాస్త మేలు. ఈ మధ్య వాళ్లు మడతకు ప్లాస్టిక్ తొడిగి కొడతారని చూసి, బియ్యం సంచి లోపలి కవరు చుట్టాను. అప్పుడు ‘టప్’ మని పలికింది. పక్కింటి పిల్లలు పరుగెత్తుకొచ్చారు.

తొమ్మిదో పట్టీలో పదకొండో బుటా తలకిందులుగా ఉంది. కుట్టు పూర్తయ్యాక బాబాయి చూపించాడు. విప్పలేదు. రెండో పనోకు పడుగు పోశాను, ఈసారి నూలు ముందే ఉడికించాను. సన్నికల్లు ఇంట్లో ఇచ్చేసి, అదే తూకానికి ఇసుక మూట కట్టుకున్నాను: 14.1 కిలోలు.